పాత రిజిస్టరు వెనకవైపు

పిల్లల్ని అప్పజెప్పేసరికి
కాశీబుగ్గ మీద జీడిబట్టీల పొగ
కొంచెం పలచబడుతుంది.
ఢిల్లేశ్వరి గిన్నెలు బోర్లిస్తుంది.
నేను రిజిస్టర్లన్నీ కట్టగట్టి
అడుగునున్నదాన్ని బయటికి లాగుతాను.
రెండేళ్ళ కిందటి గుడ్ల స్టాకు పుస్తకం.
ముందువైపు ప్రభుత్వానిది.
వెనకవైపు నాది.

మొదట్లో ఏమీ తోచేది కాదు.
"ఈరోజు బాగానే గడిచింది" అని రాశాను.
మర్నాడూ అదే.
నాలుగోరోజు కూడా అదే రాసి
కొట్టేశాను.
ఆరోజు జోగేషుని జబ్బ పట్టుకుని ఈడ్చాను,
చాప తడిపినందుకు కాదు,
సూపర్వైజరమ్మ చూస్తుండగా తడిపినందుకు.
ఆ "కాదు" దగ్గరికి రావడానికి
ఒక పేజీ పట్టింది.

ఎత్తుకో గడి, బరువుకో గడి,
జబ్బ చుట్టుకొలతకో గడి.
నా గొంతు ఈ ఏడాది ఎంత పెరిగిందో
ఎక్కించడానికి గడి లేదు.

వీళ్ళమ్మలు పిక్కలు కొట్టే ఫ్యాక్టరీలో ఉంటారు.
బూడిద రాసుకున్నా వదలని నలుపు వేళ్ళకి.
ఆ వేళ్ళతోనే పిల్లని నాకిచ్చి
"సూసుకో టీచరమ్మా" అని
వెనక్కి చూడకుండా పోతారు,
చూస్తే పిల్ల ఏడుస్తుందని.
చూసుకో.
నేను చూస్తున్నది ఎటువైపో
ఇవాళ తెలిసింది.

అన్నాలయ్యాక సాన్విక టీచరైంది.
దానికింకా నాలుగేళ్ళు నిండలేదు.
నా తువ్వాలు కుచ్చిళ్ళు పోసి బొడ్లో దోపుకుంది.
చేతిలో ఇటికముక్క.
ఎదురుగా ఆరుగురు బాసింపట్టు వేసుక్కూర్చున్నారు.
అది ఇటికముక్కలోంచి తలెత్తలేదు.
"కదలకు. కళ్ళు తెరు. మొకం రాలేదు.
ఓలమ్మ, మళ్ళీ పోనాది నెట్టు.
ఉండెహె, ఏడవకు, ఇది అవనీ."
ఒక బొట్టి దాని కొంగు పట్టి లాగింది.
అటు చూడకుండానే చేత్తో తోసింది.
మెత్తగా.
అలవాటుగా.

ఢిల్లేశ్వరి పడీ పడీ నవ్వింది.
నేనూ నవ్వాను.
నవ్వుతూనే వంటగదిలోకి పోయి
పొద్దున్న చెరిగిన బియ్యమే మళ్ళీ చెరిగాను.

ఫోనుదే తప్పనొచ్చు.
సగం నిజం కూడా.
మొహాలు ఎక్కకపోతే మెమో వస్తుంది,
అది ఊరికే అన్నమాట కాదు, వచ్చింది.
కాని అలా మెత్తగా తోయడం
ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.
ఫోను రాకముందే నా చేతికి వచ్చు.
మా పెద్దది ఇంటరు చదువుతోంది.
నాతో పొడిపొడిగా మాట్లాడుతుంది.
దీని గురించి ఇంకోరోజు రాస్తాను.

చేట పక్కన పెట్టి
వెళ్ళి వరసలో ఏడోదాన్నై కూర్చున్నాను.
మోకాళ్ళు కిర్రుమన్నాయి.
సాన్విక ఇటికముక్క నా మొహానికెత్తి
ఒక కన్ను మూసి చూసింది.
"నవ్వకు" అంది.
నేను నవ్వడం లేదు.
ఇటిక కింద పెట్టేసింది.
రెండు చేతుల్తో నా బుగ్గలు పట్టుకుని
"మొకం వచ్చీసింది" అంది.
"నీకెవులూ గుడ్డెట్నేదా?"
నా అరచేతిలో చింతపిక్క ఒకటి పెట్టింది.
"తినీ. బేగి."

పుస్తకం తిరగేశాను.
వచ్చినవి, వాడినవి, పగిలినవి, మిగిలినవి.
ఎప్పటిదో ఆఖరి వరస ఖాళీగా ఉంది.
వచ్చినవి దగ్గర "ఒకటి" అని రాసి
వాడినవి దగ్గర ఆగాను.

ఢిల్లేశ్వరి తాళంకప్ప పట్టుకుని గుమ్మంలో నిలబడింది.
"ఏటి రాస్తన్నావు టీచరూ ఇంకా?
మా ఈధిలో కుళాయి వచ్చే టైమైపోనాది."

ఎడంచెయ్యి ఇంకా మూసే ఉంది.
పెన్ను మూత
పళ్ళతో పెట్టుకున్నాను.