పదకొండో గ్లాసు

సాంతా లుజీయా దీవిలో ఎవరూ కాపురం ఉండరు.
సలమాంసా జాలర్లు మాత్రం
చేపలు ఎండేదాకా వారమో పదిరోజులో తలదాచుకుని పోతారు.
మమ్మల్ని దింపి, పడవను ఇసుక మీదికి లాగి
అడెరీతు అడిగాడు:
"ఇన్ని ఖాళీ గ్లాసులు తెచ్చారు, నీళ్లేవి?"

నీళ్లు ఆరు డబ్బాలు. గ్లాసులు నలభై.
అంచు నేలకు సమంగా ఉండేట్టు పాతాలి.
వెంట్రుకవాసి పైకి లేచినా
సాలీడు దాన్ని గోడ అనుకుని చుట్టు తిరిగి పోతుంది.
అడుగున ఉప్పునీళ్లు, ఒక చుక్క సబ్బు.
ఎండ తగలకుండా పైన ఓ రాతిపలక.
స్పిరిట్ సీసా వాసన చూసి అడెరీతు
"ఇంత మంచి సరుకులో పురుగుల్ని ముంచుతారా!" అని నొచ్చుకున్నాడు.
అందులో ఇంకు కరిగిపోతుంది,
అందుకే చీటీలన్నీ పెన్సిలుతో నేనే రాస్తాను:
దీవి, తేదీ, గ్లాసు నంబరు, పట్టినవాళ్ల పేరు.

రెండేళ్లుగా వాన ఎరగని నేల,
కాలు మోపితే పెచ్చులుగా విరుగుతుంది.
రాత్రి నుదుటికి దీపం కట్టుకుని నడుస్తాం.
ఎటు తిరిగితే అటు
మంచు చుక్కలు మెరుస్తాయి.
ఇక్కడ మంచెక్కడిది?
కళ్లు.
ఒక్కో మెరుపు వెనక ఎనిమిది కాళ్లు
నా అంత భయంతోనే ఆగి ఉన్నాయి.

"పడవ లేకుండా ఎట్లా వచ్చాయివి?"
డాక్టర్ కితేరియా చెప్పింది:
పిల్ల సాలీడు పుల్ల చివరికెక్కి, పొట్ట పైకెత్తి
ఒక్క పోగు వదులుతుంది. మిగతాది గాలి చూసుకుంటుంది.
ఆఫ్రికా ధూళి వచ్చే దారినే అవీ వస్తాయి.
చాలావరకు సముద్రంలో పడతాయి.
అడెరీతు టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.
"మావాళ్లూ అంతే," అన్నాడు.

పదకొండో గ్లాసులో మొదటిరోజు ఏమీ లేదు.
రెండోరోజూ లేదు.
తొమ్మిది రోజులు, తొమ్మిది సున్నాలు చుట్టాను.
చివరి సున్నా పక్కన విసుగుతో
"ఇక్కడేమీ లేదు" అని కూడా రాశాను.
"చేప పడని రోజు సంగతి మేం బయటికి చెప్పం.
మీరు కాగితమెక్కిస్తారు," అని నవ్వాడతను.
సున్నా కూడా లెక్కేనని నేర్చుకున్న పాఠం అప్పజెప్పాను.
చాలాసేపు చేపలు తిరగేసి అన్నాడు:
"మా అమ్మమ్మ కరువు సంవత్సరంలో పుట్టింది.
చర్చి పుస్తకంలో ఆ ఏటి పుట్టుకల పేజీ ముప్పాతిక ఖాళీ.
ఎవరూ సున్నా వేయలేదు. ఊరికే వదిలేశారు."

పదో రాత్రి వాన.

నలభై గ్లాసులూ పొంగి
మా పనంతా ఎండువాగులో కొట్టుకుపోతుంటే
అడెరీతు తెరచాప పరిచాడు, గిన్నె పెట్టాడు,
చేపల తొట్టి పెట్టాడు, చివరికి తన బూట్లు కూడా పెట్టాడు.
డాక్టర్ కితేరియా గ్లాసులవైపు పరుగెత్తి
సగం దారిలో ఆగింది.
కళ్లద్దాలు తీసి జేబులో వేసుకుని
ఆకాశం కింద నోరు తెరిచి నిలబడింది.

తెల్లారి పదకొండో గ్లాసు నిండా బురద.
దాని చుట్టూ, జానెడు దూరంలో
రాయికీ రాయికీ నడుమ, ఎండుపుల్లకీ పుల్లకీ నడుమ
గూళ్లు. నీటిచుక్కల బరువుకి ఊగుతూ గూళ్లు.
నేను రోజూ మోకాలు మోపిన చోటే.
తడిస్తే తప్ప నా కంటికి ఆననంత సన్నం.
వీటిని నేసినది నడవదు, కూర్చుంటుంది.
కూర్చున్నదాన్ని గొయ్యి ఎట్లా పడుతుంది?

రబ్బరు తీశాను.
డాక్టర్ నా మణికట్టు పట్టుకుంది.
"చెరపకు. ఆ రోజు మనకు తెలిసింది అంతే. కింద రాయి."

అడెరీతు బూటెత్తి ఒక గుక్క తాగి
"ఉప్పగా ఉంది," అని ఇంకో గుక్క తాగాడు.

ఎండెక్కేలోగా ముప్ఫై ఒకటి దాకా లెక్కపెట్టాను.
ఆ తర్వాత
అక్కడేమీ లేదు.