ఆరు సెంటీమీటర్ల చెక్క

నిబంధనల పుస్తకం నూట నలభై మూడు పేజీలకు చేరాక
మళ్ళీ మొదటినుంచి రాయమన్నారు నన్ను.
రఫాయేలా ట్రాక్ పక్కన రేకుల షెడ్డు.
చల్లారిన మాటే తేనీరు
గడ్డి నమిలినట్టుంది.

పాత పుస్తకం పేరుకే నాది.
రాసింది మెకానిక్ ఎచెగోయెన్,
ఒక్కొక్క అక్షరం నా చేత రాయించి.

ఓ ఏడు
పెట్రోలును మంచులో పెట్టి చిక్కబెట్టాడు,
పదిహేడో నిబంధన పుట్టింది.
మరుసటేడు, పందెం అయ్యాక
డ్రైవర్‌తో సహా తూకం వేస్తుంటే
హెల్మెట్‌ను రెండు చేతులా మోసుకొచ్చాడు
నిద్రపోయే పసిపిల్లను తెచ్చినట్టు.
లోపల సీసం.
రెక్క వెడల్పు ఇంతే ఉండాలన్నాను,
ఎక్కడ కొలవాలో అనలేదు.
ఆ లేని మాటలో
రెండు కప్పులు పండించుకున్నాడు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు.
ముప్పై ఏళ్ళు మా ఇద్దరిదీ ఇదే వరస.
ఎవరు తాడి, ఎవరు తల అన్నది
ఆదివారానికో తీరు.

ఇప్పుడు కాగితం తెల్లగా ఉంది.

"కారు కారులా ఉండాలి."
కొట్టేశాను. ఎక్కడో ఎచెగోయెన్ నవ్వాడు.

"వీధిలో అమ్మే కారు తలుపు
పందెం కారుకూ పట్టాలి."
ఇది నిలుస్తుంది.
షోరూంనుంచి ఒక తలుపు తెస్తాను,
బందుల్లోకి దింపుతాను.
కంచె పట్టుకు వేలాడే కుర్రాడు
"అది మా పక్కింటి కారే!" అని అరవాలి.
అరవకపోతే
ఇన్ని లీటర్లు తగలెయ్యడం దేనికి?

ఇంజను లోపల మీ ఇష్టం.
ఊపిరి మాత్రం నేను కొలిచి ఇస్తాను,
ఒకే రంధ్రం, దానిమీద నా ముద్ర.

కారు కిందినుంచి ఈ చెక్క దూరాలి.
కెబ్రాచో చెక్క, ఆరు సెంటీమీటర్ల మందం,
మా నాన్న పట్టాలకింద పరిచిన స్లీపర్ల ముక్క.
లేజర్లొచ్చాక కూడా దీన్నే వాడాను.
లేజర్‌తో వాదిస్తారు,
చెక్కతో వాదించరు.
ఒక అంచు అరిగింది.
ఎంత అరిగిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

గెలిచినవాడికి ఇరవై కిలోల సీసం.

ఇక్కడ కలం ఆగింది.

మిలాగ్రోస్ సుబెల్దియా, ఇరవై రెండేళ్ళది,
వరసగా మూడు గెలిచింది.
అరవై కిలోలు మోస్తూ
నాలుగో ఆదివారం పదకొండోదిగా వచ్చింది.
చెమటైనా తుడుచుకోకుండా నా ముందు నిలబడి
"బాగా నడపడం తప్పా, సెన్యోరా?"
జనం కోసమమ్మా అన్నాను,
ఒక్కరే గెలుస్తుంటే స్టాండ్లు ఖాళీ అవుతాయని.
"జనం నా బ్రేకు నొక్కరు కదా" అంది.

ఇరవై కొట్టి పది రాశాను.
పది కొట్టి పదిహేను.
కాగితానికి చిల్లు పడింది.
ఆ చిల్లు అలాగే ఉంచాను.

తొమ్మిది పేజీలు.
పట్టుకుని ఎచెగోయెన్ దగ్గరికి వెళ్ళాను.
పాలకేంద్రంలో పంపులు బాగుచేస్తున్నాడు,
చూపు మందగించింది,
నట్టు సైజు వేలితో తడిమి చెబుతాడు.
చదవమన్నాడు.
చదివాను, ఒక్కో వాక్యం,
పరీక్ష రాసిన పిల్ల అయ్యవారి ముందు నిలబడ్డట్టు.
కోడిగుడ్డుకు ఈకలు పీకేదాన్నని
ఊరంతా చెప్పిపెట్టినవాడు
కిమ్మనకుండా విన్నాడు.
డబ్బాల్లో పాలు గలగలమంటున్నాయి.

చివరికి,
"రెండో పేజీలో తలుపన్నావు, నెలిదా."
అన్నాను.
"ఎన్ని తలుపులో అనలేదు."

మూత తీశాను కలానిది.
"నాలుగూ" అని రాస్తే సరిపోతుంది,
మూడక్షరాలు.

ఆయన వేలు అప్పటికే
బల్లమీద చిందిన పాలలో
ఏదో గీస్తోంది,
పైకప్పు వంపులా ఉంది,
కాస్త ఎక్కువే వాలుగా.

నేను ఇంకా రాయలేదు.