తెలియనివాడి క్రియ

పదకొండు పేజీలు.
తెల్లకోటు జేబులో మరిచిపోయిందనుకున్నాను.
కాదట, నాకు చదివి వినిపించాలనే తెచ్చిందట
డాక్టర్ బహీజా ఫర్గలీ.
మన్సూరా స్టేషను వెనక, నా ఇస్త్రీ కొట్లో
స్టూలు మీద కూర్చుని
ఇంగ్లీషును మా మాటలోకి దించుతూ పోయింది.
నేను పెట్టెను నిలబెట్టి విన్నాను.

మూడో పట్టికలో నేనున్నాను.
పేరుండదు. పురుషుడు, యాభై నాలుగు, కఫ్ర్ షల్బీ గ్రామం,
కాలేయం కొంత గట్టిపడింది, మందుకు లొంగింది.
తమ్ముడు లుత్ఫీ నాలుగో పట్టిక.
అక్కడ వయసు పక్కన ఇంకో గడి ఉంది,
పోయిన సంవత్సరం రాయడానికి.

కాలవ పిల్లలం మేము.
నత్తలున్న నీళ్ళలోనే ఈత, అందులోనే గేదెలు, అందులోనే గిన్నెలు.
ఉచ్చలో రక్తం పడితే
మగాడివైపోయావురా అని వీపు చరిచేవాళ్ళు.
దానికి మందొచ్చింది, సర్కారు మందు, నరానికి ఎక్కించేది.
గురువారం గురువారం బడి అరుగు మీద
కిరసనాయిలు స్టవ్వు, మరిగే గిన్నె,
ఆరు గాజు సిరంజిలు, తొంభై మంది పిల్లలు,
తమర్గీ ఫర్గలీ, అంటే ఈమె నాన్న.
ఆ లెక్క ఇప్పుడు ఎవరైనా చెయ్యగలరు.

ఏడో పేజీ దగ్గర ఆమె గొంతు సన్నబడింది.
"తగినంత మరిగించని సూదులు
మళ్ళీ మళ్ళీ వాడబడ్డాయి."
నాకు నవ్వొచ్చింది, ఎందుకో.
వాడబడ్డాయా, వాటంతటవేనా?
మా వ్యాకరణం మాస్టారు దీన్ని
తెలియనివాడి కోసం కట్టిన క్రియ అనేవాడు.
కర్త లోపల తలుపేసుకుంటాడు, పని మాత్రం వీధిలో జరిగిపోతుంది.

"నాన్న," అంది చాలాసేపటికి.
సంచిలోంచి అట్ట ఊడిన రిజిస్టరు తీసింది.
ముత్యాల్లాంటి అక్షరాలు.
తేదీ, పేరు, వరుసలో ఎన్నోవాడు, ఏ చెయ్యి.
ఏడ్చినవాడి పేరు పక్కన ఒక చుక్క.
మరిగించిన వెంటనే పొడిపించుకున్నవాళ్ళలో
జబ్బు తక్కువ.
ఇరవై దాటాక ఎక్కువ.
చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఇలాంటి పుస్తకం దొరకలేదట.
ఆయన అంత ఒద్దికగా రాయకపోయుంటే
ఈ పదకొండు పేజీలు లేవు.
అయినా ఆయన పేరు పదకొండింటిలో ఎక్కడా లేదు.

నేను వేలు పెట్టి వెతికాను.
తొమ్మిది, నేను.
ముప్పై ఒకటి, లుత్ఫీ. చుక్క.
పేజీ తిప్పితే మళ్ళీ ముప్పై ఒకటి. మళ్ళీ చుక్క.

"వాడు సూదంటే నా చొక్కా పట్టుకుని వేలాడేవాడు డాక్టరమ్మా.
పోనీలే, నువ్వు చివర్న రారా అనేవాణ్ణి నేనే.
వాడి వంతు రాకముందే బడి గంట కొడతారని ఆశ."
స్టవ్వు మీది నీళ్ళు చల్లారుతుంటే
వాడు వెనక్కి జరుగుతూ ఉండేవాడు.
"చివరికి పంపబడ్డాడు, రాసుకో."
ఆమె రాసుకోలేదు.

మా దగ్గర తల్లులు బిడ్డను నా కార్జమా అని పిలుస్తారు.
లుత్ఫీ కడుపు చెరువైన ఏడాది
అమ్మ ఆ మాట మానేసింది.
వాడు మాత్రం అడిగేవాడు, ఇప్పుడు నన్నేమని పిలుస్తావే అని.

కోటు మడిచి ఇచ్చాను.
డబ్బులు పుచ్చుకున్నాను, ఎప్పుడూ తీసుకునేంతే.
వరుసలో నువ్వెన్నోదానివి అని అడగాలనుకున్నాను,
రిజిస్టరు ఆమె చేతిలోనే ఉంది కదా అని ఊరుకున్నాను.
మెట్టు దిగాక పిలిచాను:

"సూది తీశాక మీ నాన్న
మా మోచేతి మడతలో ఊదేవాడు.
మంట పోయిందా, పోయిందా అంటూ.
ముప్పై ఒకటో వాడికి కూడా."