మూడు అలలు

గాజులమండ్యంలో గాజులు చేసే ఇల్లు
ఒక్కటి కూడా నేను చూడలే.
మేము చేసేది డబ్బాలు.
రేణిగుంట రైళ్ల కూత వినబడే షెడ్డులో
ఏడో నెంబరు మిషను నాది.
గింజలు పోస్తే
రెండొందల ఇరవై డిగ్రీల కాడ పాకం మాదిరి కరిగి,
ఇరవై రెండు సెకండ్లకొకసారి తలుపు తీసుకొని
నా చేతిలో పడతాది డబ్బా,
అప్పుడే పెట్టిన గుడ్డంత వెచ్చగా.

డబ్బా అడుగున త్రికోణం, అందులో అయిదు.
ఆ పక్కన, ఆర్డరోళ్లు అడిగితే, మూడు అలలు:
మైక్రోవేవులో పెట్టొచ్చు అని గుర్తు.
చిటికెనవేలి గోరంత ఉక్కు బిళ్ల అది.
రెండు స్క్రూలు.
అలెన్ కీతో బిగించేది నేను, విప్పేది నేను.
బిగిస్తే భద్రం,
విప్పితే మామూలు.
గింజలు అవే, అచ్చు అదే.

ఒకనాడు హేమాద్రి సారును అడిగినా:
"సేఫ్ అంటే ఎవురికి సార్,
డబ్బాకా, తినేవోళ్లకా?"
సెల్లు చూసుకుంటా నవ్వినాడు.
"కరగదు, వంగదు, అంతేమ్మా.
కౌంటు ఎంతయింది?"

బోనసు అడిగితే పోయినేడు
అన్నాలు తినే రూములో మైక్రోవేవు పెట్టించినారు.
మొన్న రాత్రి ప్యాకింగు ధనభాగ్యం
ఎవరిదో సీమంతంలో మిగిలిన బిర్యాని
తెల్ల థర్మోకోల్ డబ్బాతోనే లోపల పెట్టి
మూడు నిమిషాలు నొక్కింది.
పసుపు దీపం కింద అది
పెండ్లికూతురు మాదిరి మెల్లగా తిరిగింది.
బయటికి తీస్తే
నూనె తగిలిన మూల గుంట పడి ఉంది.

ఆ మూల యాడికి పోయినట్టు?

ధనభాగ్యం గుంటను వదిలేసి చుట్టూ తినింది,
చేపలో ముల్లు ఏరినట్టు.
"ఏమైతాది లే అక్కా,
ఇన్నేండ్లు తింటా ఉండాం గదా."
నాకు జవాబు రాలే.
నేను డాక్టర్ను కాదు.
నాకు తెలిసింది ఒకటే:
చల్లగా ఉన్నంతసేపు ప్లాస్టిక్కు మూగది,
వేడి తగిలితే దానికి నాలుక వస్తాది.
పక్కన నూనె ఉంటే ఇంగా మాటకారి.

మరుసటి రోజు నేను
కాఫీ పొడి వచ్చిన గాజు సీసాలో
అనపగింజల పులుసు తీసకపోయినా.
ఫ్రిజ్జులోంచి తీసి నేరుగా పెడితే
ఠప్పుమనింది.
పులుసునిండా పెంకులు.
గాజులమండ్యంలో గాజు కూడా నా మాట వినలే.
పోనీలే అని స్టీలు గిన్నె ఎత్తుకుంటే
వాచ్‌మన్ మొగిలప్ప పరిగెత్తుకొచ్చినాడు:
"మెరుపులొస్తాయి మే, పెట్టొద్దు!"
ఆ రాత్రి అందరం బాగా నవ్వుకున్నాం.

నవ్వని రాత్రి ఇంగొకటి ఉండాది.
పోయిన శనివారం కొత్త గింజల మూటలు చాలక
నలగ్గొట్టిన పాత డబ్బాల పొట్టు కలిపినారు.
డబ్బా రంగు కొంచెం పొగబారింది.
బిళ్ల విప్పమని ఎవరూ చెప్పలే.
నేనూ అడగలే.
తెల్లారేసరికి పదమూడు వందల డబ్బాలు,
అన్నిటి అడుగునా మూడేసి అలలు.
లెక్కల పుస్తకంలో నా సంతకం.

చిత్తూరులోనో కాణిపాకం దోవలోనో
ఎవరో ఒకామె
రాత్రి మిగిలిన సాంబారు పోసే ముందు
డబ్బాను బోర్లించి చూస్తాది.
అలలు కనబడతాయి.
నమ్ముతాది.
ఆ నమ్మకానికి రెండు స్క్రూలు.

ఇప్పుడు నా సద్ది క్యారియరు
గింజలు ఆరబెట్టే హాపరు మూత మీద పెడతా ఉండా.
మైక్రోవేవు రాకముందు మా పెద్దోళ్లు చేసిన పనే.
ప్లాస్టిక్కును కాచే మిషనే
స్టీలులో ఉన్న నా సంగటిని కూడా కాస్తాది,
వాసన లోపలికి రాకుండా మూత గట్టిగా బిగిస్తా.

నిన్న పన్నెండుకు ధనభాగ్యం వచ్చి పక్కన కూర్చునింది.
ఆమె చేతిలో మా కంపెనీ డబ్బానే, పొగరంగుది.
నేను క్యారియరు పై గిన్నె ఖాళీ చేసి
ఆమె ముందుకు తోసినా.
ఆమె నా మొగం చూసి
ఏమీ అడక్కుండా అన్నం అందులోకి ఒంచుకునింది.

జేబులో అలెన్ కీ తొడకు గుచ్చుకుంటా ఉండాది.
అవతల నా మిషను కాడ ఇంకెవరో నిలబడినారు.
ఇరవై రెండు సెకండ్లు.
తలుపు తీసుకునింది.