నూటపందొమ్మిదో రోజు

టేపు కొసని గోడ మూలన ఆమే పట్టుకుంది.
నేను వెనక్కి నడిచాను.
ఎనిమిదడుగులకే వీపు అవతలి గోడకి ఆనింది.
పొడుగు ఇరవై నాలుగు.
"నూట తొంభై రెండు, రాసుకో" అంది ఆర్లీన్ థిబడో,
ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు తోలిన మనిషి.
"నా బస్సు ఇంతకన్నా పెద్దది.
యాభై మంది పిల్లలు పట్టేవాళ్లు అందులో."

మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన మాదో బంగాళదుంపల ఊరు.
ఊరి నిబంధన ఆరువందల చదరపు అడుగులు.
తగ్గితే అది ఇల్లు కాదు.
చక్రాలుంటే బండి.
బండిలో కునుకు తీయొచ్చు, కాపురం పెట్టకూడదు.
చక్రాలు ఊడదీస్తే కట్టడం.
కట్టడానికి పునాది కావాలి, మంచు దిగని లోతుకి,
సెప్టిక్ ట్యాంకు కావాలి, దానికి మట్టి పరీక్ష కావాలి,
పరీక్షకి నేల కరగాలి.
అప్పటికింకా జనవరి.

గోరంత ఇంటికి కొండంత ఫైలు.
ఆ కొండని చంకన పెట్టుకు తిరిగే ఇన్‌స్పెక్టర్ని నేనే.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు.
ఆమెకి ఇంటి కోసమే రచ్చ.
ఫిబ్రవరిలో, ఫైరింజన్ల షెడ్డు మేడ మీద విచారణ:
మడత కుర్చీలు, మాడిన కాఫీ.
గేలన్ పెల్కీ లేచాడు. ఆమె మీద కోపమేం లేదన్నాడు,
ఒకదాన్ని రానిస్తే పదొస్తాయన్నాడు,
పొలాల ధరలన్నాడు,
కూర్చునేటప్పుడు ఆమె వైపు చూడలేదు.
మూడో తరగతిలో రోజూ ఆ బస్సులోనే వాంతి చేసుకునేవాడు,
రోజూ ఆమే కడిగేది.
ఆ మాట ఆమె ఎత్తలేదు.
ఇద్దరు అటు, ఇద్దరు ఇటు,
ఐదో సభ్యుడు చలికి భయపడి ఫ్లోరిడాలో.
వాయిదా.

అప్పుడామె నిబంధనల పుస్తకం ముప్పై ఏడో పేజీలో వేలు పెట్టి,
"చక్రాల బండి ఒకేచోట
నూట ఇరవై రోజులకు మించి ఉండరాదు, అని రాశారు.
సరే.
ఒక చోటుకీ ఇంకో చోటుకీ మధ్య ఎంత దూరముండాలో
ఏ పేజీలో రాశారు?"

అధ్యక్షుడు మెర్టన్ హాఫర్డ్ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. తీశాడు.
నా వైపు చూశాడు.
నేను పుస్తకం వైపు చూశాను.
పుస్తకం ఎవరి వైపూ చూడలేదు.

నూటపందొమ్మిదో రోజు పొద్దున్నే ట్రాక్టరు తగిలించి
ఇంటిని ఇంటిపొడవు జరిపింది.
పొయ్యి మీద చిక్కుడుగింజల కుండైనా దించలేదట.

ఏడాదికి మూడుసార్లు వెళ్తాను, టేపు పట్టుకుని.
చేలో ఇల్లు కదిలిన చోటల్లా
పాలిపోయిన గడ్డి, తలుపు పరిచినట్టు.
పాతవి పచ్చబడే లోపు పక్కన ఇంకోటి.
"ఏడాదికి డెబ్బై రెండడుగులు" అంటుంది,
"రోడ్డు నుంచి ఏటికి వెయ్యి.
నాకిప్పుడు అరవై నాలుగు.
డెబ్బై ఎనిమిదో ఏట నా కిటికీ కింద నీళ్లుంటాయి."

కుదరదన్నాను. గట్టు నుంచి డెబ్బై ఐదడుగుల లోపల
ఏదీ నిలపకూడదు, నలభై ఒకటో పేజీ.
వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.
"మంచిదే. ఏడాది ముందే చేరతాను."

మొన్న మళ్లీ ఆ రోజు వచ్చింది.
రాత్రంతా మంచు. చక్రం కింది చెక్క
గడ్డకట్టి నేలని వదలనంది.
ట్రాక్టరు గొంతు చించుకుంటోంది. ఆమె దిగబోయింది.
నేనే మోకాళ్ల మీద కూర్చుని
సుత్తితో మూడు దెబ్బలేశాను. నాలుగోదానికి ఊడింది.
ఇది నా ఉద్యోగంలో లేని పని,
ఫారంలో దీనికి గడి లేదు.

ఉన్న గడిలో రాశాను, చేతి తొడుగు పళ్లతో లాగి:
చిరునామా మారినది.
ఇరవై నాలుగడుగులు, తూర్పుకి.