వంతెన కాపరి

రాత్రి తొమ్మిదింటికి కాపలా ఎక్కుతాను.
ఉప్పుటేటి గట్టున ఆరు చెరువులు,
ఒక రేకుల పాక, ఒక టార్చిలైటు.
రొయ్యలు నిద్రపోవు గనక నేనూ పోకూడదు.

ఆ సీరియల్ని నా ఫోన్లో ఎక్కించింది ఇర్మీయా,
నీళ్ళ పరీక్ష చేసే ల్యాబ్ కుర్రాడు.
"జపాన్ బొమ్మలు బాబాయ్, ఆన్‌లైన్ ఆటలో
కాపురం పెట్టిన మనుషుల కథ," అన్నాడు.
కత్తులుంటాయా అన్నాను.
ఉంటాయి, తియ్యరు, అన్నాడు.

నిజమే, తియ్యరు.
నాలుగు ఎపిసోడ్లయినా వీరుడు కొండ దిగలేదు.
రాక్షసుడు ఎక్కడో ఉత్తరాన ఉన్నాడట,
ఉండనీ అన్నట్టు
చేపని కాలుస్తాడు. రెండో వైపు తిప్పుతాడు.
పొగ ఎటు పోతే అటు చూస్తాడు.
వానొస్తే ఎపిసోడంతా వానే.
కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడతాయి,
ఇర్మీయా పక్కనుంటే చదివి చెప్పేవాడు,
చెప్పడానికి పెద్దగా ఏముందీ:
"చలిగా ఉందంటన్నాడు."
"ఆవిడ, అవునంటంది."

ఊళ్ళో కుర్రాళ్ళకి నచ్చలేదు.
ఏమీ జరగదేటి, అని విసుక్కున్నారు.
నాకు నవ్వొచ్చింది.
ఏమీ జరక్కపోవడం ఎంత ఖరీదో
ఈ గట్టు మీద ఒక్క రాత్రి మేలుకుంటే తెలుస్తుంది.
మూడింటికి గాలి పడిపోయి,
కరెంటు పోయి,
జనరేటరు దగ్గి దగ్గి అందుకోకపోతే
గంటలో ఆరు లక్షల ప్రాణాలు అంచుకొచ్చి
తెల్లగా తేలతాయి.
నేను చూశాను, రెండుసార్లు.
అది చూసినవాడికి
నీళ్ళు నీళ్ళలా ఉండటమే కథ.

ఆ ఆటలో ఒక వంతెన ఉంది.
వంతెన మొదట్లో ఓ ముసలాడు, గొడుగేసుకుని.
"వాడు మనిషి కాదు బాబాయ్," అన్నాడు ఇర్మీయా,
"వాణ్ణి ఎవరూ ఆడరు. ఆటే పెట్టుకుంది వాణ్ణి."
ఎవరొచ్చినా ఒకటే మాట:
ఇవాళ ఏరు నెమ్మదిగా ఉంది, దాటండి.
అందరూ ఆట కట్టేసి పోయాక కూడా
నీటిచక్రం తిరుగుతానే ఉంటది,
వాడు నించునే ఉంటాడు, గొడుగు కింద.
ఎవరూ లేని ఆ చోటుని
అయిదు నిమిషాలు చూపించారు. పాట కూడా లేదు.
బయట నా ఏరియేటర్లు తిరుగుతున్నాయి.
ఏ చప్పుడు ఫోన్లోదో, ఏది చెరువుదో
కాసేపు తెలియలేదు.

ఇర్మీయాకి ఒంగోలు వైపు ఉద్యోగమొచ్చింది.
మిగతావి ఒక్కణ్ణే చూశాను.
ఆ అక్షరాలు నాకు రావు, అయినా.

తొమ్మిదో ఎపిసోడ్‌లో
వీరుడు వంతెన దాటిపోతుంటే
ముసలాడి నోరు కదిలింది.
ఎప్పటి మాట కాదు. పొట్టి మాట.
ఎనిమిది ఎపిసోడ్లు విన్న చెవికి తెలిసిపోయింది.
వీరుడు ఆగలేదు, వినలేదు.
నేను మంచం మీంచి లేచి కూర్చున్నాను.
వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను.
ఏమన్నాడో ఇప్పటికీ తెలీదు.
ఇర్మీయాకి ఫోన్ చేసి అడగొచ్చు.
అడగలేదు.

ఆరింటికి రామభద్రరాజు గారి బండి
గట్టు మీదికొస్తుంది. ఇంజను ఆపరు.
"ఏటి?"
"ఏం లేదండి."
పదకొండేళ్ళుగా అదే.
చెక్‌ట్రే ఎత్తి చూపిస్తాను, మేత తిన్నాయి,
తలూపి పోతారు.

మొన్నొక రోజు రాలేదు.
మర్నాడు వచ్చారు,
పొగమంచులో లైటు ముందు, ఆయన తర్వాత.
"ఏటి?"
"నిన్న రాలేదేటండి?" అన్నాను.

ఇంజను ఆగింది.
చెరువుల్లో చక్రాలు తిరిగే చప్పుడు
అప్పుడు వినబడింది ఆయనకి,
మొదటిసారి అనుకుంటాను.
హ్యాండిల్ మీంచి చెయ్యి తీసి
నీళ్ళ కేసి చూశారు.
"అమ్మాయికి జొరం," అన్నారు.

తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
ఓ నీటికాకి మునిగింది.
లేచేదాకా చూశాం.