ఆఖరి స్టేషన్ తర్వాత

ఇరవై రెండేళ్లుగా ఓస్లో నుంచి ఈ కొండ మీదికి
మెట్రో నడుపుతున్నాను.
చలికాలం స్కీలు, తడిసిన చేతితొడుగులు,
వేసవిలో కుక్కలు, బుట్టలు, నిద్రకు తూగే పసివాళ్లు,
అందరినీ అడవి గుమ్మంలో దించి
ఎనిమిది నిమిషాల్లో
ఈ కొస క్యాబిన్ నుంచి ఆ కొస క్యాబిన్‌కి నడిచి
మళ్లీ ఊళ్లోకి దిగిపోయేదాన్ని,
పెళ్లివాళ్లని విందు దాకా చేర్చి
తాను మాత్రం బయటే నిలబడ్డ బండివాడిలా.
అడవిలో ఏముందని ఎవరైనా అడిగితే
ప్లాట్‌ఫారం పొడవు చెప్పగలను. అంతే.

ఈ డేరా నాది కాదు.
ఎవరో నా బండిలోనే మరిచిపోయారు.
పోయిన వస్తువుల గదిలో నెలల తరబడి పడుండి
అడిగే నాథుడు లేక వేలానికొచ్చింది.
గొడుగులకీ, జత తప్పిన బూట్లకీ మధ్య
దాని పాట పాడింది నేనొక్కదాన్నే.
ఇంటికి తెచ్చి విప్పితే లోజేబులో ఒక చెంచా,
పిడి మీద మేకుతో గీకిన పేరు:
హాల్వర్.

శుక్రవారం సాయంత్రం ఐవిన్ నడిపే బండిలో
ప్రయాణికురాలిగా ఎక్కాను.
చివరి స్టేషన్లో క్యాబిన్ కిటికీలోంచి తల పెట్టి
"ఆస్లౌగ్, నీ ఇల్లు అటు కాదు" అన్నాడు.
సంచీ ఎగదోసుకున్నాను.

మొదటి అరగంట ఊరు నా వెంటే వచ్చింది:
తోపుడుబండి చక్రాలు, ఎవరిదో ఫోను,
కింద సముద్రపాయలో ఓడ కూత.
రెండో మలుపులో చెప్పాపెట్టకుండా వెనక్కి తిరిగిపోయింది.
స్ప్రూస్ చెట్ల కింద వెలుగు
నీళ్లు కలిపిన మజ్జిగంత పలచన.
నాచు మీద అడుగేస్తే దిగుతుంది, తీస్తే లేస్తుంది.
నేను నడిచినట్టు
అరనిమిషం కూడా గుర్తుపెట్టుకోదు.

డేరాకి కర్రలు మూడుండాలి. రెండే ఉన్నాయి.
హాల్వర్, ఆ మూడోది ఏ స్టేషన్లో వదిలావయ్యా?
చెరువు గట్టున గాలం వేసుక్కూచున్న పెద్దావిడ, బోర్గిల్,
"గాలికి పడ్డ బర్చ్ కొమ్మ చాలు" అని కత్తి అందించింది.
ఏడాదికి అరవై రాత్రులు ఇక్కడే పడుకుంటుందట.
"మా పైవాటావాళ్లు రాత్రిళ్లు కుర్చీలు లాగుతారు" అంది.
అంతకన్నా పెద్ద కారణమేదీ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

సెప్టెంబరు దాకా అడవిలో మంట కూడదు.
చిన్న గ్యాస్ పొయ్యి మీద కాఫీ కాచి
హాల్వర్ చెంచాతో కలిపాను.
పదకొండైనా ఆకాశం దీపం పూర్తిగా ఆర్పలేదు.
అవతలి గట్టున ఏదో నీటిపిట్ట
ఒకే ఒక్క ప్రశ్న అడిగి
జవాబు కోసం ఆగకుండా మునిగింది.

నిద్ర పట్టలేదు. అబద్ధమెందుకు, భయమేసింది.
ఏ కొమ్మ విరిగినా ఏదో జంతువు,
ఏ చప్పుడూ లేకపోతే ఇంకా పెద్ద జంతువు.
ఆఖరి బండి వెళ్లే వేళైందని
నా ఒంట్లో గడియారమే చెప్పింది.
దుప్పట్లో నా కుడిచెయ్యి
లేని బ్రేకు పిడి పట్టుకునుంది.

తెల్లారి నాలుగూ నలభైకి అలవాటైన మెలకువ.
డేరా గుడ్డకి లోపల
నా ఊపిరే చినుకులై వేలాడుతోంది.
బర్చ్ కొమ్మ కాస్త వంగింది కానీ నిలబడింది.
బోర్గిల్ అప్పుడే వెళ్లిపోయింది,
గడ్డి మీద ఆమె పడుకున్నంత మేర
మంచు లేదు.

మోకాళ్ల మీద కూచుని బ్లూబెర్రీలు ఏరాను.
వేళ్లకి నేరేడు రంగు, నాలుకకి పులుపు.
అప్పుడు వినిపించింది, కొండ దిగువన
మలుపులో చక్రాల కీచు.
శనివారం మొదటి బండి.
కొత్త కుర్రాడు షిర్వాన్ అయ్యుంటాడు,
ఆ మలుపు వాడికి నేర్పింది నేనే,
ఇంకా బ్రేకు ఆలస్యంగానే వేస్తున్నాడు.
గడియారం చూశాను. నలభై సెకన్లు లేటు.

ఎవరికీ చెప్పను.
పక్క పొద దాకా
మోకాళ్ల మీదే జరిగాను.